ఇరుకింట్లో రెండో టెలిస్కోప్: నీహారికల కోసం ఏది కొనాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకొని సమాధానంలోకి వెళ్తాను. నల్లగొండ పట్టణంలో లిఫ్టు లేని అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటున్నారు. నాలుగేళ్లుగా మీ దగ్గర 70 మి.మీ. వ్యాసం, 700 మి.మీ. నాభ్యంతరం గల కటకపు టెలిస్కోప్ ఉంది. దానితో చంద్రుడి బిలాలు, శని వలయం, గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు తనివితీరా చూశారు. ఇప్పుడు మనసు నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు, గెలాక్సీల మీదికి మళ్లింది. కొత్త పరికరానికి ఇంట్లో దొరికే చోటు రెండే: బీరువా పక్కన రెండడుగుల మూల, వంటగది సజ్జ. అమ్మానాన్నలు ఉంటున్న దేవరకొండ దగ్గరి ఊరికి నెలకు ఒకటి రెండుసార్లు కారులో వెళ్లి వస్తారు. ఎనిమిదంగుళాల డాబ్సోనియన్, 127 మి.మీ. మక్సుతోవ్, బల్లమీద పెట్టుకునే ఆరంగుళాల డాబ్సోనియన్, ఈ మూడింటిలో ఏది తీసుకోవాలని అడిగారు. డాబ్సోనియన్ అంటే గొట్టం అడుగున దర్పణం ఉండి, తిరిగే పీఠంలో కూర్చునే టెలిస్కోప్; మక్సుతోవ్ అంటే ముందు కటకం, వెనక దర్పణం ఉన్న పొట్టి గొట్టపు టెలిస్కోప్.

మీ పరిస్థితిలో నేనుంటే 150 మి.మీ. (ఆరంగుళాల) వ్యాసం, 750 మి.మీ. నాభ్యంతరం ఉండి, గొట్టం పైభాగం లోపలికి జరిగే బల్లమీది డాబ్సోనియన్‌నే కొంటాను. పాత 70 మి.మీ. టెలిస్కోప్‌ను మాత్రం అమ్మను. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎనిమిదంగుళాలు వదులుకుంటే మీరు కోల్పోయేది కూడా కొంత ఉంది, అది తెలిసే వదులుకోవాలి.

ముందు ఆకాశం సంగతి. గెలాక్సీ, నీహారిక వంటివి నక్షత్రాల్లా చుక్కలు కావు, పరుచుకున్న మసక వెలుగులు. ఆ వెలుగుకూ దాని చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగుకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే కన్ను పట్టుకోగలదు. టెలిస్కోప్ వ్యాసం పెంచినప్పుడు గెలాక్సీ వెలుగుతో పాటు వీధిదీపాల వల్ల తెల్లబారిన ఆకాశపు వెలుగు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి ఆ తేడా ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. పెద్ద దర్పణం వల్ల అదే కాంతి ప్రకాశంలో వస్తువును ఇంకాస్త పెద్దదిగా చూడగలం, అది కంటికి మంచి సాయమే. కానీ వెనకనున్న ఆకాశాన్ని నల్లబరచగలిగేది చీకటి ఊరు మాత్రమే. అందుకే నల్లగొండ డాబా మీద ఎనిమిదంగుళాలకు దొరకని గెలాక్సీ మీ ఊరి చెలకలో ఆరంగుళాలకు దొరుకుతుంది. పాత నిజామియా వేధశాల ఉన్న బేగంపేటను నగరం చుట్టుముడుతున్న 1960ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోప్‌ను హైదరాబాద్‌కు దూరంగా జపాల్, రంగాపూర్ ఊళ్ల మధ్య నెలకొల్పిన సంగతి గుర్తుచేసుకోండి. అంత పెద్ద దర్పణానికి కూడా చీకటిని వెతుక్కుంటూ వెళ్లక తప్పలేదు.

నక్షత్ర గుచ్ఛాల లెక్క వేరు. వాటిలో ఉన్నవి చుక్కలే కాబట్టి వ్యాసం పెరిగిన కొద్దీ పట్టణంలో కూడా కొత్త నక్షత్రాలు బయటపడతాయి. డాబా మీద గడిపే రాత్రులను గుచ్ఛాలకు, జంట నక్షత్రాలకు, గ్రహాలకు కేటాయించి, గెలాక్సీలను ఊరి ప్రయాణాలకు దాచుకోవడం మేలు. అయితే ఆ ప్రయాణాలను అమావాస్యకు అటు ఇటు ఉన్న శని, ఆదివారాలకు మార్చుకోవాలి. పరికరం మార్చడం కంటే ముందు చేయవలసిన పని ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు చోటు విషయం. ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ మీ ఇంట్లో పట్టదని మీరు భయపడ్డారు, కానీ అది పడుతుంది. దాని గొట్టం దాదాపు 1.2 మీటర్ల పొడవుంటుంది. దాన్ని పీఠంలోనే నిలువుగా నిలబెడితే నేల మీద అరమీటరు వెడల్పు గుండ్రటి చోటు సరిపోతుంది. మీ రెండడుగుల మూల అంటే 60 సెంటీమీటర్లు. పైనున్న ఖాళీ ఎలాగూ గాలికే వదిలేసినది. దీనికి భిన్నంగా మక్సుతోవ్ గొట్టం చూడటానికి ముచ్చటగా, అరలో ఇమిడేంత పొట్టిగా ఉంటుంది. కానీ దానితో పాటు ముక్కాలి స్టాండు, దాని తల, మోటారు ఉంటే బ్యాటరీ, వైర్లు, ఇవన్నీ దాచడానికి మళ్లీ ఒక మూల కావాలి. చోటు లేదని పొట్టి గొట్టం కొన్నవాళ్లు స్టాండును తలుపు వెనక, మంచం కింద, చివరికి వరండాలో పెట్టుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. కాబట్టి టెలిస్కోప్ కొలతలు చూసేటప్పుడు గొట్టాన్ని ఒక్కదాన్నే కాకుండా, ఆకాశం చూడటానికి కావలసిన సరంజామా మొత్తాన్ని ఒకచోట పోగేసి కొలవాలి.

అంటే మీకు అసలు అడ్డంకి మూల కాదు, మెట్లు. ఎనిమిదంగుళాల నిండు గొట్టపు డాబ్సోనియన్ మొత్తం బరువు సుమారు 26 కిలోలు. గొట్టం 11, పీఠం 15 వరకు ఉంటాయి. రెండంతస్తులు రెండుసార్లు దిగి, రెండుసార్లు ఎక్కాలి, అది కూడా అర్ధరాత్రి నిద్రకళ్లతో, కన్ను పెట్టి చూసే కటకాలైన ఐపీస్‌ల పెట్టె చేతిలో పట్టుకొని. మహబూబ్‌నగర్‌లో మొదటి అంతస్తులో ఉన్న రోజుల్లో నేను అలాంటిదే కొన్నాను. ఆ టెలిస్కోప్ చూపించిన దృశ్యాలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ నా పరిశీలనల పుస్తకంలో మొదటి ఏడాదికి ఉన్నవి తొమ్మిది రాత్రులే. తర్వాత ఆరంగుళాల బల్లమీది డాబ్సోనియన్ తెచ్చుకున్నాక, నవంబరు నుంచి మార్చి దాకా ఒక్క చలికాలంలోనే ముప్పై ఒక్క రాత్రులు నమోదయ్యాయి. బరువు ఏడెనిమిది కిలోలు, ఒక చేత్తో ఎత్తి చంకన పెట్టుకోవచ్చు. మబ్బు విడిచిన అరగంటకు కూడా డాబా ఎక్కబుద్ధయ్యేది.

మీ ఊరి ఇంట్లోనే ఎనిమిదంగుళాలది శాశ్వతంగా ఉంచేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. తాళం వేసుకునే పొడి గది ఉండి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి దాని మూత తీసి గాలి తగిలించే మనిషి ఉంటే అది నిజంగా మంచి దారి. కానీ ధాన్యపు బస్తాలు, విత్తనాలు పెట్టే గదిలో దుమ్ము, ఎలుకలు, చెదలు తప్పవు. డాబ్సోనియన్ పీఠం సాధారణంగా పొట్టుచెక్క పలకతో చేస్తారు, తేమ తగిలితే అంచులు ఉబ్బుతాయి. పైగా నల్లగొండలో ఉన్న ఇరవై ఏడు రోజులూ మీ దగ్గర పాత 70 మి.మీ. మాత్రమే మిగులుతుంది. ఈ రెండో కారణం నాకు బరువైనదిగా తోస్తుంది.

వెలుగు సేకరణ లెక్క చూద్దాం. 70 మి.మీ. కంటే 150 మి.మీ. సుమారు నాలుగున్నర రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. 150 కంటే 200 మి.మీ., అంటే ఎనిమిదంగుళాలు, దాదాపు 1.8 రెట్లు ఎక్కువ పోగుచేస్తుంది. మొదటి అడుగు చాలా పెద్దది, రెండోది కూడా చిన్నదేమీ కాదు. హెర్క్యులిస్ రాశిలోని ఎం 13 (ఎం అంటే మెస్సియే జాబితా) గోళాకార గుచ్ఛం మీ 70 మి.మీ.లో దూదిపింజలా కనిపించి ఉంటుంది. ఆరంగుళాల్లో, 120 రెట్ల ఆవర్ధనం దగ్గర దాని అంచులు పొడిపొడిగా విడిపోయి నక్షత్రాలవుతాయి; ఎనిమిదంగుళాల్లో ఆ పొడి మధ్య దాకా వ్యాపిస్తుంది. ఎం 51 గెలాక్సీలో రెండు కేంద్రాలు, చుట్టూ మసక ఆరంగుళాలకు తేలికగా దొరుకుతాయి. సర్పిలపు చుట్ల జాడ మాత్రం మంచి చీకట్లో, ఓపికపట్టిన కంటికే అందుతుంది. అదే చీకట్లో ఎనిమిదంగుళాలు ఆ జాడను మరింత నమ్మకంగా చూపిస్తాయి. మీరు కోల్పోయేదంటే ఇదే.

మక్సుతోవ్‌ను నేను వద్దనడానికి కారణం దాని నాణ్యత కాదు. గ్రహాలకు, జంట నక్షత్రాలకు అది చాలా చక్కటి పరికరం. కానీ నాభ్యంతరం 1,500 మి.మీ. కావడంతో, ఒకటింపావు అంగుళపు ఐపీస్‌లలో అతి వెడల్పు దృశ్యం ఇచ్చేదాన్ని పెట్టినా ఆకాశంలో ఒక డిగ్రీకి మించి కనిపించదు. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు దాదాపు రెండు డిగ్రీల మేర పరుచుకొని ఉంటాయి, ఆండ్రోమెడా గెలాక్సీ పొడవు మూడు డిగ్రీలు. 750 మి.మీ. నాభ్యంతరంలో రెండు డిగ్రీల దృశ్యం దొరుకుతుంది కాబట్టి పిల్లలకోడి మొత్తం ఒక్క చూపులో ఇముడుతుంది. చోటు తక్కువ కదా అని ఇరుకు దృశ్యం కొనుక్కుంటే మీ మనసు మళ్లిన వస్తువులే చేజారతాయి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మక్సుతోవ్ ముందు కటకం బయటికి తెరుచుకొని ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలున్న వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో దాని మీద గంటలోపే మంచు పడుతుంది. మీ ఊరివైపు మెట్ట చెలకల్లో ఈ బాధ కాస్త తక్కువ.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇదే 150 మి.మీ. గొట్టాన్ని భూమధ్యరేఖా పద్ధతి స్టాండు మీద కూడా అమ్ముతారు. అది కొనకండి. దాని బరువుల కడ్డీ, ఇనుప కాళ్లు మీ మూలను మొత్తం తినేయడం ఒక కారణం. రెండో కారణం మన అక్షాంశం. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే ధ్రువనక్షత్రం క్షితిజానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఈ స్టాండు అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి కాబట్టి, అంత కిందికి వంచినప్పుడు బరువుల కడ్డీ ముక్కాలి కాలికి తగలడం, మొత్తం ఒకవైపుకు తూలడం మామూలే. ఎత్తు అక్షాంశాల దేశాల కోసం తయారైన స్టాండ్లతో ఇది మరీ ఎక్కువ.

అదే అక్షాంశం మనకు ఇచ్చే వరాలు కూడా తక్కువేమీ కావు. ఒమెగా సెంటారీ అనే గోళాకార గుచ్ఛాన్ని యూరప్‌లో చాలా చోట్ల నుంచి చూడనే లేరు. మనకది దక్షిణాన పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో అది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. దేవరకొండ నుంచి దక్షిణం అంటే డిండి, నల్లమల వైపు, చీకటి వైపు. హైదరాబాద్ వెలుగు మీకు ఉత్తరాన, వాయవ్యాన పడుతుంది. అందువల్ల ఉత్తరాన 38 డిగ్రీలకే ఆగిపోయే ఎం 81, ఎం 82 గెలాక్సీలు మీకు కాస్త వెలవెలబోతాయి, ఒమెగా సెంటారీ, సెంటారస్ ఎ గెలాక్సీ, వృశ్చిక ధనుస్సు రాశుల నీహారికలు మాత్రం వాటి నిజమైన శోభతో కనిపిస్తాయి. పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరంలో దాదాపు కోటి నక్షత్రాలున్న ఒమెగా సెంటారీ గుచ్ఛాన్ని ఆరంగుళాల్లో మొదటిసారి చూసిన రాత్రి నేను వేరే వస్తువు జోలికి పోలేదు. బత్తాయి తోట మధ్య నిలబడితే చెట్లు అడ్డమొస్తాయి కాబట్టి దక్షిణం ఖాళీగా ఉన్న గట్టును పగలే చూసి పెట్టుకోండి. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లి చూద్దామన్న ఆలోచన పెట్టుకోకండి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడ రాత్రి రాకపోకల మీద ఆంక్షలున్నాయి.

కన్యా రాశి గెలాక్సీల గుంపు విషయంలో ఒక చిక్కు ఉంది. మన దగ్గర అది దాదాపు నడినెత్తికి, అయిదారు డిగ్రీల దగ్గరికి వస్తుంది. డాబ్సోనియన్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు పక్కకు తిప్పడం కష్టం, వస్తువు దొరికినట్టే దొరికి జారిపోతుంది. అది నడినెత్తికి రావడానికి రెండు గంటల ముందో, దాటిన రెండు గంటల తర్వాతో చూడండి.

బల్లమీది డాబ్సోనియన్ లోపాలు కూడా చెప్పకపోతే సమాధానం పూర్తి కాదు. గొట్టం పైసగం తెరిచి ఉండటం వల్ల పక్క వెలుగు లోపలికి వస్తుంది. బోరుమోటరు స్టార్టర్ డబ్బా మీది చిన్న లైటు కూడా తేడా చూపిస్తుంది. స్టేషనరీ దుకాణాల్లో దొరికే నల్లటి ఫోమ్ షీటును గొట్టానికి చుట్టేస్తే ఆ బాధ తీరుతుంది, చుట్టి పెడితే అది చోటు కూడా తీసుకోదు. కొన్ని మోడళ్లలో ఐపీస్ పట్టే భాగం మరలాగా తిరుగుతూ కదులుతుంది, అది వదులుగా ఊగుతుంది. ప్లంబర్లు పైపులకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపును ఆ మర మీద రెండు మూడు చుట్లు చుడితే ఊగడం ఆగుతుంది. గొట్టాన్ని ప్రతిసారీ లాగి మూస్తుంటాం కాబట్టి దర్పణాల అమరిక కొద్దిగా తప్పుతుంది. అది సరిచేయడం మొదట భయపెట్టినా నాలుగైదు రాత్రుల్లో రెండు నిమిషాల పనిగా మారుతుంది.

దీనితో వచ్చే 25 మి.మీ. ఐపీస్ 30 రెట్ల ఆవర్ధనం ఇస్తుంది, వెతకడానికి అది చాలు. కూడా వచ్చే 10 మి.మీ. తరచూ నాసిగా ఉంటుంది కాబట్టి అదే కొలతలో మంచిది ఒకటి, గోళాకార గుచ్ఛాల కోసం 6 మి.మీ.ది ఒకటి కొనుక్కోండి. 10 మి.మీ.తో వచ్చే 75 రెట్ల దగ్గరే ఎక్కువ గెలాక్సీలు స్పష్టంగా తేలుతాయి. డబ్బు మిగిలితే నీహారికల్లోని ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే ఆక్సిజన్-3 ఫిల్టర్ తీసుకోవచ్చు. సిగ్నస్‌లోని వీల్ నీహారిక దానితో అక్షరాలా ప్రత్యక్షమవుతుంది, కానీ గెలాక్సీలకూ గుచ్ఛాలకూ అది పనికిరాదు. వీధిదీపాల వెలుగును అడ్డుకుంటాయని అమ్మే ఫిల్టర్ల మీద ఖర్చు పెట్టకండి. ఇప్పటి తెల్లటి ఎల్‌ఈడీ కాంతి అన్ని రంగుల్లోనూ పరుచుకొని ఉంటుంది కాబట్టి వాటికి వడకట్టడానికి ఏమీ మిగలదు.

ఫోన్‌తో నడిచి ఫొటోలు తీసే చిన్న టెలిస్కోప్‌లు చోటు విషయంలో అన్నిటికంటే సుఖం. కానీ కంటితో చూడాలన్నది మీ కోరిక, అవి చూపించేవి తెర మీది బొమ్మలు. ఆ రెండు అనుభవాలూ వేరు.

దాచే చోటుగా సజ్జను మరిచిపోండి. స్లాబు కింద మే నెల వేడి మొత్తం దానికే చేరుతుంది, వంటగది నూనె ఆవిరి దర్పణానికి పడదు, ఏడెనిమిది కిలోల గాజునూ లోహాన్నీ నిచ్చెన మీంచి దించడం ప్రమాదం. బీరువా పక్కన మూలలోనే, దర్పణం ఉన్న వైపు కిందికి పెట్టి, మూతలు బిగించి, పైన ఉతికిన పాత దుప్పటి కప్పండి. అయితే మంచు పడిన రాత్రి ఇంటికి తెచ్చిన వెంటనే మూత పెట్టకూడదు. తెల్లారే దాకా తెరిచి ఉంచి, తడి పూర్తిగా ఆరాకే మూయాలి. తడి లోపలే బంధిస్తే వానాకాలానికల్లా దర్పణం మీద బూజు పడుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా మనకు ఆకాశం ఎలాగూ దొరకదు. ఆ నెలల్లో సిలికాజెల్ సంచులు వేసి, ఎండ కాసిన రోజుల్లో కాసేపు గాలి తగిలించండి. దర్పణం మీద కొద్దిపాటి దుమ్ము చూసి తుడవడానికి తొందరపడకండి, గీతల వల్ల జరిగే నష్టం దుమ్ము నష్టం కంటే ఎక్కువ.

చివరగా బల్ల. డాబా మీద ప్లాస్టిక్ స్టూలు, బోర్లించిన డ్రమ్ము లాంటివి వాడితే దృశ్యం వణుకుతూనే ఉంటుంది, పిట్టగోడ మీద పెట్టడం అపాయం. వడ్రంగి చేత వేపచెక్కతోనో టేకుతోనో ఒక ముక్కాలి పీట చేయించండి. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. పీఠం కింది మూడు పాదాలూ పూర్తిగా కూర్చునేంత వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండి, కాళ్లు కొద్దిగా బయటికి పరిచినట్టు ఉంటే, మామూలు కుర్చీలో కూర్చొని నడినెత్తి దాకా హాయిగా చూడవచ్చు. మిగిలిన రోజుల్లో టెలిస్కోప్‌ను అదే మూలలో ఆ పీట మీదే ఉంచితే నేల తడి తగలదు, పీటకంటూ వేరే చోటు వెతకాల్సిన పని కూడా ఉండదు.